బోరు చేయించాలా, ఇంజనే మార్చాలా? పవర్ కోరుకునే విశాఖ కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా వినిపించే మాట ఒకటుంది: "బండి ఇంకాస్త లాగాలండీ." ఈ మాట అనేవారిలో కొందరికి ఒకప్పుడు ఉండి ఇప్పుడు పోయిన పవర్ తిరిగి రావాలి. మరికొందరికి కంపెనీ ఆ కారుకు ఏనాడూ ఇవ్వని పవర్ కావాలి. ఈ తేడాను మెకానిక్ అడగడు, యజమాని చెప్పడు. చివరకు ఒకరి బండికి జరగాల్సిన పని మరొకరి బండికి జరిగిపోతుంది. పాత మారుతి కార్లతో ఏళ్ల తరబడి కుస్తీ పడుతూ, రెండు రకాల తప్పులనూ సొంత డబ్బుతోనే చేసినవాడిగా, నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

నా కారు మునుపటిలా లాగడం లేదు. ఇంజన్ దింపక తప్పదా?

చాలా సందర్భాల్లో దింపనక్కరలేదు. క్లచ్ జారుతున్నా, బ్రేకు పట్టేసి చక్రం స్వేచ్ఛగా తిరగకపోయినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, పెట్రోలు పంపు ఒత్తిడి తగ్గినా, టైమింగ్ బెల్ట్ ఒక పన్ను దాటినా, సైలెన్సర్ వరుసలో పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగి అడ్డుపడినా, నడిపేవారికి తెలిసేది ఒక్కటే: పికప్ తగ్గింది. నా మారుతి జెన్‌కు బోరు చేయించి (అంటే అరిగిన సిలిండర్ గోడలను తొలిపించి), పిస్టన్ రింగులు వేయించి, బయటికి తీసుకొచ్చిన రోజున అది మునుపటిలాగే మొరాయించింది. అసలు దోషం కన్వర్టర్‌లో ఉందని ఆ తర్వాత తేలింది. బిల్లు మాత్రం బోరుకే కట్టాను.

అందువల్ల మొదటి ఖర్చు కంప్రెషన్ పరీక్షకే పెట్టాలి. ఇంజన్‌ను బాగా వేడెక్కించి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, మంచి బ్యాటరీతో స్టార్టర్ తిప్పి ఒక్కో సిలిండర్ ఒత్తిడిని గేజ్‌తో కొలుస్తారు. పాత మారుతి పెట్రోల్ ఇంజన్లలో అంకె 170 పీఎస్‌ఐకి పైన ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా 15 పీఎస్‌ఐ మించకూడదు. ఏదైనా సిలిండర్ తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పైకి లేస్తే రింగులో బోరో అరిగాయని అర్థం. లేవకపోతే వాల్వులు కారుతున్నాయనో సిలిండర్లకు మూత లాంటి హెడ్ కింది గాస్కెట్ పోయిందనో అనుమానించాలి. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే "బోరుకొచ్చింది సార్" అనే మనిషికి తాళం చెవి ఇవ్వకపోవడం మంచిది.

పొగ కూడా కొంత చెబుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోందని, తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే నీరు సిలిండర్‌లోకి చేరుతోందని గుర్తించాలి. చలికాలపు ఉదయం లంబసింగిలో కనిపించే కాసింత తెల్ల ఆవిరికి మాత్రం ఎవరూ కంగారుపడనక్కరలేదు.

ఊళ్లో బాగానే నడుస్తుంది, అరకు ఘాట్‌లో మాత్రమే నీరసపడుతుంది. ఇది లోపమేనా?

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచబడుతుంది కాబట్టి గాలిని ఒత్తిడితో లోపలికి తోసే టర్బో లేని ఇంజన్ ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక శాతం పవర్ కోల్పోతుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు లోయకు చేరేసరికి మనం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటాం, అంటే తొమ్మిది పది శాతం పవర్ గాలిలోనే పోతుంది. అదీగాక ఏసీ వేసుకుని, ఐదుగురు ఎక్కి, రెండో గేరులో మలుపులు తిరిగే వెయ్యి సీసీ కారు నుంచి మరీ ఎక్కువ ఆశించడం న్యాయం కాదు.

కింద సముద్రపు ఒడ్డున ఉన్నా పూర్తి పవర్ అందదు. మే నెలలో 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నప్పుడు ఇంజన్ పీల్చే గాలిలో సుమారు నాలుగు శాతం నీటి ఆవిరే ఉంటుంది. ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది. పని చేయించే ముందూ తర్వాతా బండిని పోల్చి చూడాలనుకుంటే రెండుసార్లూ ఒకే దారిలో, ఒకే వేళలో, అంతే బరువుతో నడిపి చూడాలి. డిసెంబరు ఉదయపు చల్లగాలిలో భీమిలి రోడ్డుపై పొందిన ఆనందాన్నంతా మెకానిక్ ఖాతాలో వేయకూడదు.

ఇంజన్ పూర్తిగా చేయిస్తే పవర్ ఎంత పెరుగుతుంది?

కంపెనీ కొలతల ప్రకారం జాగ్రత్తగా చేసిన ఓవర్‌హాల్ కారుకు షోరూములో ఉన్నప్పటి పవర్‌ను తిరిగి ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. "ఓవర్ సైజు పిస్టన్లు వేస్తున్నాం కాబట్టి పవర్ పెరుగుతుంది" అనే మాట ఆటోనగర్‌లో బాగా చలామణిలో ఉంది కాబట్టి దాని లెక్క ఒకసారి చూద్దాం. మారుతి ఎస్టీమ్‌లోని 1.3 లీటర్ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 74 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5 మి.మీ., మొత్తం సామర్థ్యం 1,298 సీసీ. బోరును అర మిల్లీమీటరు పెంచి 74.5 చేస్తే సామర్థ్యం 1,316 సీసీ అవుతుంది. పెరిగింది 18 సీసీ, అంటే ఒకటిన్నర శాతం కూడా కాదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఓవర్ సైజు పిస్టన్ అరిగిన బ్లాకును కాపాడుకోవడానికి పుట్టిన ఉపాయం, దాన్ని పవర్ పెంచే సాధనంగా చూడకూడదు.

కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న అంకె, పెంచడం రెండో మార్గం. హెడ్‌ను కొంచెం ఎక్కువ ఫేసింగ్ చేసి (అడుగు చెక్కి) నిష్పత్తిని 9 నుంచి 10కి తీసుకెళ్తే సిద్ధాంతరీత్యా ఇంధనాన్ని పనిగా మార్చే సామర్థ్యం సుమారు మూడు శాతం పెరుగుతుంది. అయితే హెడ్ పలుచబడితే వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది, టైమింగ్ స్వల్పంగా జరుగుతుంది, ఎండాకాలంలో బరువుతో ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమని కొట్టుకునే ప్రమాదం పెరుగుతుంది. మూడు శాతం కోసం ఇంత సాహసం అవసరమా అన్నది యజమాని ఆలోచించుకోవాలి.

నిజమైన పవర్ ఇంజన్ శ్వాసలో ఉంటుంది. పవర్ అంటే టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించగా వచ్చేదే. కిలోవాట్లలో కావాలంటే న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే సరిపోతుంది. కాబట్టి సామర్థ్యం మారని ఇంజన్ నుంచి ఎక్కువ పవర్ రాబట్టాలంటే దాన్ని ఎక్కువ వేగంతో తిప్పాలి, ఆ వేగంలో అది ఊపిరాడకుండా పోకూడదు. హెడ్ పోర్టులను సరిచేయడం, వాల్వు సీట్లను జాగ్రత్తగా కోయించడం, వాల్వులను తెరిచే క్యామ్ మార్చడం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మార్చడం, వాటికి తగ్గట్టు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను, అంటే ఈసీయూను, సరిచేయడం అన్నీ ఇందుకోసమే. దీనికీ ఒక హద్దు ఉంది. ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) జెన్ 993 సీసీ ఇంజన్ ఇచ్చేది 60 బీహెచ్‌పీ (హార్స్‌పవర్); దాని నుంచి 85 రావాలంటే, టార్క్ అంతే ఉందనుకుని, గరిష్ఠ పవర్ 6,000 దగ్గర వస్తుందనుకుంటే, దాన్ని 8,500 వరకు తిప్పాలి. పిస్టన్, కనెక్టింగ్ రాడ్‌లపై పడే జడత్వ బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ వేగంలో అవి భరించాల్సిన బలం రెట్టింపు అవుతుంది. రాడ్ బోల్టులు, వాల్వు స్ప్రింగులు, ఆయిల్ పంపు అన్నిటినీ మార్చకుండా ఆ పని చేస్తే ఒకరోజు కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. పైగా, అలాంటి క్యామ్ వేసిన బండి ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో కింది వేగాల్లో గుటకలు మింగుతూ నడుస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు ఆ స్వభావం సరిపడదు.

టర్బో లేని పెట్రోల్ కారులో, నడక చెడకుండా, ఇంజన్ ఆయుష్షు తగ్గకుండా పెంచుకోగలిగేది నా అంచనాలో పది నుంచి పదిహేను శాతం. అంతకంటే ఎక్కువ చెప్పేవారిని ముందూ తర్వాతా పవర్ కొలిచే డైనో యంత్రం చీటీలు చూపించమని అడగాలి.

'హాఫ్ ఇంజన్', అంటే హెడ్ పని మాత్రమే, చేయిస్తే సరిపోదా?

బోరు కొలతల్లోనే ఉండి, హెడ్‌లో మాత్రమే దోషం ఉంటే సరిపోతుంది. బోరు అరిగి ఉండగా హెడ్ ఒక్కటే కొత్తగా చేయిస్తే పైన ఒత్తిడి పెరిగి, కింద అరిగిన రింగుల మీదుగా ఆ ఒత్తిడి క్రాంక్‌కేసులోకి దిగి, బ్యాక్ కంప్రెషన్ మునుపటికంటే ఎక్కువ కావచ్చు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ బుసబుసమంటుంటే హాఫ్ ఇంజన్‌తో సరిపెట్టుకోవద్దు.

లేత్ షాపులో జరిగే పనిని యజమాని ఎలా గమనించాలి?

ఇక్కడే పని నిలబడేదీ చెడేదీ తేలుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బోరును మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు అడ్డదిశల్లో బోర్ గేజ్‌తో కొలవాలి. అలా కొలిస్తేనే అది పైన ఎంత అరిగిందో, ఎంత కోడిగుడ్డు ఆకారంలోకి మారిందో తెలుస్తుంది. ఆ అంకెలను కాగితంపై రాయించుకోవాలి. వేలు లోపలికి పెట్టి తడిమి "పావు మిల్లీ ఓవర్ సరిపోతుంది" అని చెప్పే పెద్దమనిషి అనుభవం గొప్పదే కావచ్చు, కానీ ఆయన వేలు మైక్రోమీటర్ కాదు.

కొత్త పిస్టన్లు చేతికి వచ్చిన తర్వాతే బోరు చేయించాలి, ముందు చేయకూడదు. ఎందుకంటే ఒక్కో పిస్టన్‌ను కొలిచి, దానికి కావలసిన సందు కలిపి, ఆ సిలిండర్‌ను ఆ కొలతకు తేవాలి. సానరాళ్లతో రుద్దే చివరి హోనింగ్‌లో గోడ మీద ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు పడాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే, రింగులు కూర్చునేదీ వాటి వల్లే. గోడ అద్దంలా మెరుస్తోందని సంబరపడితే తర్వాత ఆయిల్ తాగుతోందని బాధపడాల్సి వస్తుంది. హోనింగ్ అయ్యాక బ్లాకును వేడి సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ పూయాలి. కిరోసిన్‌తో తుడిచి వదిలేస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను మొదటి వంద కిలోమీటర్లలోనే తినేస్తుంది. మన ఊరి ఉప్పుగాలిలో ఆయిల్ పూయని బోరు ఒక్క రాత్రిలో తుప్పు రంగు తిరగడం నేను కళ్లారా చూశాను.

బ్లాకు విప్పినప్పుడు నీటి గదులను కూడా చూడాలి. రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు ఏళ్ల తరబడి బోరుబావి నీళ్లు పోసిన కార్లలో అవి సున్నంతో, తుప్పుతో సగం పూడిపోయి ఉంటాయి, వాటిని మూసే కోర్ ప్లగ్గులు లోపలివైపు నుంచి చిల్లులు పడే దశలో ఉంటాయి. అలాంటి బ్లాకులోంచి అదనపు పవర్ రాబట్టడమంటే అదనపు వేడిని పుట్టించి దాన్ని పోనివ్వకపోవడమే.

బిగింపు విషయంలో ఒక్క మాట: హెడ్ బోల్టులు, బేరింగ్ క్యాపులు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. షెడ్డులో ఆ రెంచ్ కనిపించకపోతే మరో షెడ్డు చూసుకోవాలి.

ఇంజన్ మార్పిడి చేస్తే మాత్రం పవర్ తేలిగ్గా వస్తుంది కదా?

వస్తుంది. జెన్‌లో 60 బీహెచ్‌పీ ఇంజన్ తీసి, అదే సుజుకీ జీ కుటుంబానికి చెందిన 16 వాల్వుల ఎస్టీమ్ 1.3 ఇంజన్‌ను ఎక్కిస్తే ఒక్కసారిగా 85 బీహెచ్‌పీ అవుతుంది. నలభై శాతానికి పైగా పెరుగుదల, అదీ ముప్పాతిక టన్ను బరువున్న కారులో. ఆ ఇంజన్ తన కంపెనీ వేగంలోనే, తన కంపెనీ పిస్టన్లతోనే ఆ పవర్ ఇస్తుంది కాబట్టి దాని ఆయుష్షుకు ముప్పు లేదు. కేవలం యంత్రాల లెక్కే చూస్తే, ఇరవై శాతానికి మించిన పవర్ కావలసినప్పుడు అదే కుటుంబపు పెద్ద ఇంజన్ ఎక్కించడం చిన్న ఇంజన్‌ను పిండడం కంటే చౌక, నమ్మకం కూడా.

దేశంలో ఇది కొత్త సంగతి కూడా కాదు. హిందుస్థాన్ మోటార్స్ 1990ల తొలినాళ్లలో అంబాసిడర్‌లో ఇసుజు 1.8 లీటర్ ఇంజన్ పెట్టి అమ్మింది. ఆ బండి ఎక్కినవారు పాత 1,489 సీసీ ఇంజన్‌తో దాన్ని పోల్చి ఎలా మురిసిపోయేవారో ఆ తరం వారికి గుర్తుండే ఉంటుంది. అయితే అది కంపెనీ చేసి, పరీక్షించి, ధ్రువీకరణ పొందిన మార్పు అన్న సంగతిని మరచిపోకూడదు.

ఇంజన్ ఒక్కటి కొంటే చాలా, ఇంకేమైనా కావాలా?

ఇంజన్ ధర మొత్తం ఖర్చులో సగం కూడా కాదని నా అనుభవం. ఇంజన్‌ను పట్టుకునే మౌంటింగులు సరిపడాలి, లేదా కొత్తగా తయారు చేయించాలి. పాత గేరుబాక్సు కొత్త టార్క్‌ను మోయగలదా, ఇంజన్‌కు దాన్ని బిగించే బెల్ హౌసింగ్ బోల్టులు కలుస్తాయా, డ్రైవ్ షాఫ్టుల పొడవు సరిపోతుందా చూడాలి. పెద్ద ఇంజన్‌కు పెద్ద రేడియేటర్, తగిన ఫ్యాను కావాలి. ఏసీ కంప్రెసర్ బ్రాకెట్, పైపుల దారి మారతాయి. అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకులు, టైర్లు ఉన్నాయి. 60 బీహెచ్‌పీకి సరిపడే బ్రేకులు, 145 వెడల్పు టైర్లు 85 బీహెచ్‌పీతో సింహాచలం ఘాట్ దిగేటప్పుడు యజమానికి మంచి పాఠమే చెబుతాయి. పవర్ కోసం కేటాయించిన డబ్బులో మొదటి వాటా బ్రేకులకు తీసి పక్కన పెట్టలేనివారు ఇంజన్ మార్పిడి జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

వైరింగ్ మరో పెద్ద అధ్యాయం. ఇంజన్‌తోపాటు దాని ఈసీయూ, సెన్సార్లు, పూర్తి వైరింగ్ కట్ట (హార్నెస్) ఒకే కారు నుంచి రావాలి. దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో ఈసీయూకు తన తాళం చెవి గుర్తు తెలియకపోతే స్టార్టర్ తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. ఇటీవలి కార్లలో మీటరు బోర్డు, బ్రేకుల ఏబీఎస్, స్టీరింగ్ మోటారు అన్నీ ఇంజన్ ఈసీయూతో ఒకే తీగపై మాట్లాడుకుంటాయి. కొత్త ఈసీయూ భాష పాత మీటరుకు అర్థం కాకపోతే బోర్డు నిండా హెచ్చరిక దీపాలు వెలుగుతాయి. వైర్లను మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన అతుకులు సముద్రపు గాలికి ఆరు నెలల్లో పచ్చగా చిలుము పడతాయి. టంకం వేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగించాలి, ఎర్తింగ్ పాయింట్లను గీకి గ్రీజు పూయించాలి. ఎంవీపీ కాలనీలోనో పెదవాల్తేరులోనో తీరానికి దగ్గరగా బండి నిలిపేవారు దీన్ని మరింత శ్రద్ధగా పాటించాలి.

చట్టం ఏమంటుంది?

చాలామంది చివరగా అడిగే ఈ ప్రశ్నను నిజానికి మొదట అడగాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను ఖరాఖండిగా సమర్థించింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దీని అర్థం ఏమిటంటే, పాడైన ఇంజన్ స్థానంలో అదే తయారీ, అదే రకం, అదే సామర్థ్యం గల ఇంజన్‌ను వేయవచ్చు. అలా వేసిన 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు నమోదు చేయించుకోవాలి. 993 సీసీ జెన్‌లో 1,298 సీసీ ఇంజన్ వేస్తే మాత్రం అది ఆర్‌సీకీ తయారీదారు వివరాలకూ భిన్నమవుతుంది కాబట్టి ఆ బండిని పబ్లిక్ రోడ్డుపై తిప్పడానికి చట్టంలో చోటు లేదు. "ఫలానా వారు తిప్పుతున్నారు కదా" అనేవారికి నా జవాబు ఒక్కటే: వారికి ఇంకా ప్రమాదం జరగలేదు.

అలాంటి బండిని పూర్తి వేగంతో నడపాలంటే రేసు ట్రాకుకు తీసుకెళ్లాలి. మనకు దగ్గరలో ఉన్నదంటే చెన్నై శివార్లలోని ఇరుంగట్టుకోట్టై ట్రాకు. జాతీయ రహదారి 16 మీద దాదాపు 800 కిలోమీటర్ల దూరం, అదీ ట్రక్కు మీద ఎక్కించుకుని. ఈ ఒక్క కారణం వల్లే, ఇంజనీరింగ్ లెక్కలో మార్పిడి గెలిచినా, విశాఖలో రోజూ తిరిగే కారుకు నేను ఓవర్‌హాల్‌నే సూచిస్తాను.

బీమా సంస్థకు చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోవాలి. ప్రమాదం తర్వాత సర్వేయర్ మొట్టమొదట సరిపోల్చేవి ఇంజన్, ఛాసీ నంబర్లు. అవి పాలసీతో కలవకపోతే సొంత నష్టం క్లెయిము అక్కడే ఆగిపోవచ్చు.

నా కారుకు పదిహేనేళ్లు నిండబోతున్నాయి. ఇప్పుడు ఇంజన్ పని చేయించడం తెలివైన పనేనా?

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తనిఖీ తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఆ తనిఖీలో ఇంజన్ నంబరు, పొగ, బాడీ తుప్పు అన్నీ చూస్తారు. ఏపీ 31 నంబరుతో తిరిగే కార్లలో చాలావాటికి ఈ గడువు ఇప్పటికే దాటింది. అందుకని ముందు కారును లిఫ్టు మీద ఎత్తించి అడుగుభాగం, సస్పెన్షన్ బిగించే చోట్లు, డోర్ల కింది గాడులు సుత్తితో తట్టి చూడాలి. తీరంలో నివసించే కార్లలో ఇంజన్‌కంటే ముందు బాడీ చచ్చిపోవడం మామూలే. తుప్పు పట్టిన బాడీలో కొత్త ఇంజన్ పెట్టడం కూలబోయే ఇంటికి కొత్త తలుపులు బిగించినట్టే.

పాత ఇంజన్ కొనేటప్పుడు ఏమేమి చూడాలి?

బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన కారు ఆర్‌సీ నకలు, ఆ కారు తుక్కుకు వెళ్లినట్టు ఆధారం: ఈ మూడూ లేకుండా ఇంజన్‌ను చూడడానికి కూడా వెళ్లవద్దు. నంబరు చెక్కిన చోట రాపిడి గుర్తులుంటే అది దొంగబండి ఇంజన్ కావచ్చు. దాన్ని కొన్న తర్వాత పోలీసు స్టేషన్‌లో వివరించుకోవాల్సింది మీరే. ఆ తర్వాతే యంత్రం సంగతి. బల్ల మీద పెట్టి స్టార్టర్‌తో తిప్పి కంప్రెషన్ చూపించమనాలి. ఆయిల్ ఛాంబర్ విప్పించి అడుగున మెరిసే లోహపు పొడి ఉందేమో చూడాలి, బేరింగులు అరిగినప్పుడు అది కనిపిస్తుంది. వాల్వు కవరు కింద నల్లని జిడ్డు పేరుకుపోయి ఉంటే ఆ ఇంజన్ ఆయిల్ మార్పు ఎరుగదని అర్థం. చెన్నై పుదుపేటలో ఇంజన్లు చౌకగా దొరుకుతాయని విని రైలెక్కేవారు తిరుగు రవాణా ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. ఎక్కడ కొన్నా సరే, ఆ ఇంజన్‌ను ఎక్కించేముందు కనీసం రింగులు, బేరింగులు, సీళ్లు, టైమింగ్ బెల్ట్ మార్పించాలి. మళ్లీ దింపడానికి అయ్యే కూలీతో పోలిస్తే అది చిన్న మొత్తం.

నాది టర్బో కారు. నాకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయా?

పూర్తిగా వర్తించవు. టర్బో ఇంజన్‌లో గాలి ఒత్తిడి, ఇంధనం ఈసీయూ చేతిలో ఉంటాయి కాబట్టి ప్రోగ్రామ్ మార్చడం వల్లనే చెప్పుకోదగ్గ పవర్ వస్తుంది. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ డీజిల్ ఇంజన్ ఇందుకు మంచి ఉదాహరణ. స్విఫ్ట్‌లో అది 75 పీఎస్ (ఇదీ హార్స్‌పవర్ లెక్కే), 190 న్యూటన్ మీటర్లు ఇస్తే, వేరియబుల్ టర్బోతో ఎర్టిగాలో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. అంటే ఆ ఇంజన్‌లో దాగిన పవర్ ఎంతో కంపెనీయే చూపించింది. అయితే లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, టర్బో షాఫ్టు ఊగుతూ, ఇంజెక్టర్లు కారుతున్న ఇంజన్‌కు ప్రోగ్రామ్ మారిస్తే ఆ లోపాలు మరింత తొందరగా బయటపడతాయి. ముందు ఆరోగ్యం, ఆ తర్వాతే ప్రోగ్రామ్. అదనపు టార్క్‌కు క్లచ్ తట్టుకోదేమో కూడా చూసుకోవాలి.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుతో లెక్క మారుతుందా?

కొంత మారుతుంది. మల్కాపురంలో 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టి, ఇప్పుడు హెచ్‌పీసీఎల్ నడుపుతున్న రిఫైనరీ మన ఊళ్లోనే ఉన్నా, బంకులో మనకు దొరికేది దేశమంతటా దొరికే ఈ20 పెట్రోలే. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ కాబట్టి ఈ మిశ్రమంలో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది, మైలేజీలో ఆ తేడా కనిపిస్తుంది. ఇథనాల్‌కు కాలడానికి పెట్రోలుకంటే తక్కువ గాలి చాలు. ఈసీయూ, ఆక్సిజన్ సెన్సార్ ఉన్న కారు ఆ తేడాను తానే సర్దుకుంటుంది, కార్బొరేటర్ కారు సర్దుకోలేక పలుచని మిశ్రమంతో వేడెక్కుతుంది. దానికి పెట్రోలు వచ్చే జెట్టు మార్పించాలి. మరోవైపు ఇథనాల్ ఇంజన్ టకటక కొట్టుకోవడాన్ని తగ్గిస్తుంది కాబట్టి కంప్రెషన్ స్వల్పంగా పెంచుకున్నవారికి ఇది కలిసొచ్చే గుణం. ఓవర్‌హాల్ సమయంలోనే పాత రబ్బరు పెట్రోలు పైపులు, ఓ రింగులను ఇథనాల్‌ను తట్టుకునేవాటితో మార్పిస్తే మంచిది.

సీఎన్‌జీ కిట్ వేయిస్తే పవర్ పెరుగుతుందా?

తగ్గుతుంది. ఆమోదిత కిట్‌తో ఇంధనం మార్చుకోవడానికి చట్టం అనుమతిస్తుంది, కానీ అది డబ్బు ఆదా చేసే మార్గం మాత్రమే.

పని అయ్యాక బండిని ఎలా నడపాలి?

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ దీపం ఆరేవరకు స్టార్టర్‌తో తిప్పాలి. తొలి 500 కిలోమీటర్లలో ఒకే వేగంతో గంటల తరబడి నడపకూడదు, ఇంజన్‌ను నీరసంగా పై గేరులో ఈడ్చకూడదు. వేగం పెంచుతూ, తగ్గిస్తూ, మధ్యస్థమైన బరువుతో నడిపితే రింగులు గోడకు అతుకుతాయి. ఈ పనికి భీమిలి వరకు బీచ్ రోడ్డు చక్కగా సరిపోతుంది, ఎత్తుపల్లాలు మలుపులు తగినన్ని ఉన్నాయి. మామూలు మినరల్ ఆయిల్‌తో మొదలుపెట్టి 500 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్పించి, వెయ్యి దాటాక ఘాట్ రోడ్డు ఎక్కించాలి. ఆ ఎక్కుడులో టెంపరేచర్ ముల్లు సగం దాటకపోతే, పైకి చేరాక క్లచ్ కమురు వాసన రాకపోతే, పని సరిగ్గా జరిగిందని నమ్మవచ్చు.

మార్పిడి చేసినవారు దింపిన పాత ఇంజన్‌ను ఏం చేయాలి?

అమ్మవద్దు. బండి పత్రాల్లో ఉన్నది ఆ నంబరే కాబట్టి, ఆర్‌సీలో కొత్త నంబరు చేరేవరకైనా అది మీ దగ్గరే ఉండాలి. ప్లగ్గు రంధ్రాల్లో ఆయిల్ పోసి, క్రాంకును చేత్తో నాలుగు చుట్లు తిప్పి, రంధ్రాలన్నీ మూసి, యంత్రభాగాలకు గ్రీజు పూసి, దళసరి ప్లాస్టిక్ పట్టాలో కట్టి, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టాలి. నెలకోసారి క్రాంకును తిప్పడం మరవకూడదు. నా జెన్ పాత బ్లాకు ఇప్పటికీ మెట్ల కింద ఉంది. ఇంట్లోవాళ్లు దానిపై పచ్చడి జాడీలు పెట్టడం మొదలుపెట్టినా, తిప్పితే ఇంకా తిరుగుతుంది.